అమెరికాలో పది నెలలు హోస్ట్ ఫ్యామిలీతో: పాపకు ఎంత పంపాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, కూర్మన్నపాలెం. మా పాపకు పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాస్తోంది. ఆగస్టులో జె-1 (ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల) వీసా మీద అమెరికాకు స్కూల్ ఎక్స్ఛేంజ్‌లో పంపుదామనుకుంటున్నాం. పది నెలలు అక్కడి కుటుంబంతో ఉంటుంది, తిండి, వసతి ఉచితమన్నారు. ఏజెంటు ప్రోగ్రాం ఫీజు ఏడున్నర లక్షలు, రానుపోను టికెట్టు 1.30 లక్షలు చెప్పారు. ఇప్పుడు ‘హోస్ట్ ఫ్యామిలీ డిపాజిట్’ అంటూ ఇంకో 1,500 డాలర్లు అడుగుతున్నారు. మావారి పేరున 12 లక్షల ఎఫ్‌డీ ఉంది. పాప పేరున సుకన్య సమృద్ధిలో 6 లక్షలు ఉన్నాయి. నెలకు 25 వేలు మిగులుతుంది. సరిపోతుందా? పాపకు నెలకెంత పంపాలి?

జవాబు: ముందు ఆ 1,500 డాలర్ల సంగతి. కట్టకండి. జె-1 స్కూల్ ఎక్స్ఛేంజ్‌లో పిల్లల్ని ఇంట్లో పెట్టుకునేవాళ్లు స్వచ్ఛందంగా పెట్టుకుంటారు, అందుకు వాళ్లకు డబ్బు ఇవ్వకూడదు. అక్కడి పన్ను లెక్కలో నెలకు 50 డాలర్ల దాకా మినహాయింపు చూపుకోవచ్చు, వాళ్లకు దక్కేది అంతే. కాబట్టి ఆ డిపాజిట్ ఎవరి ఖాతాలోకి వెళ్తుందో, ఏ ఒప్పందంలో రాసి ఉందో కాగితం మీద చూపించమనండి.

వీసాకు ఆధారంగా ఏజెంటు ఇప్పించేది డీఎస్-2019 పత్రమా, ఐ-20నా అన్నది కూడా చూడండి. జె-1కు కావాల్సింది డీఎస్-2019. ఐ-20 అయితే అది ఎఫ్-1, అంటే మామూలు విద్యార్థి వీసా దారి. అందులో హోస్ట్ ఫ్యామిలీకి నెలనెలా డబ్బు కట్టాల్సి రావచ్చు, ప్రభుత్వ స్కూలైనా పూర్తి ఖర్చు మీరే భరించాలి. రెంటినీ కలిపి మాట్లాడే ఏజెంట్లున్నారు, జాగ్రత్త.

ఇక లెక్క. డాలరు 90 రూపాయలు అనుకుందాం. ఫీజు 7,50,000, టికెట్టు 1,30,000. సెవిస్ (అమెరికా ప్రభుత్వం విద్యార్థుల వివరాలు నమోదు చేసే వ్యవస్థ) ఫీజు 220 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు, కలిపి 36,450 రూపాయలు. వీసా రాకపోయినా వీసా ఫీజు వెనక్కి రాదు. ఇంటర్వ్యూ కోసం హైదరాబాద్ ప్రయాణం, టీకాలు, పంటి వైద్యం, కళ్లజోడు, చిన్నచిన్న కానుకలకు 40,000 పెట్టుకోండి. అమ్మాయి చేతి ఖర్చు నెలకు 225 డాలర్లు, పది నెలలకు 2,02,500. అత్యవసరానికి వేరుగా 1,500 డాలర్లు, అంటే 1,35,000. (ఏజెంటు అడిగిన మొత్తమే ఇది. అతనికివ్వకుండా మీ దగ్గరే ఉంచుకుంటున్నారంతే.) అన్నీ కలిపి 12,93,950. మీ ఎఫ్‌డీ కంటే 94 వేలు ఎక్కువ.

కానీ చేతి ఖర్చును ఎఫ్‌డీలోంచి తీయాల్సిన పనిలేదు. నెలకు 20,250 మీ మిగులులోంచే వెళ్తుంది. అప్పుడు ఎఫ్‌డీ మీద పడేది 10,91,450, చేతిలో మిగిలేది 1,08,550. అత్యవసరపు డబ్బు వాడకుండా వెనక్కి వస్తే 2,43,550. సుకన్య చెక్కుచెదరదు. పాప పది పాసైంది కనుక అందులో సగం దాకా పైచదువుకు తీసుకునే వీలుంది, కానీ దాన్ని బీటెక్‌కే ఉంచండి. ఈ కార్యక్రమానికి అప్పు చేస్తే విద్యారుణం వడ్డీ మీద ఇచ్చే ఆదాయపన్ను మినహాయింపు దొరకదు, ఆ నిబంధనలో పైచదువంటే ప్లస్ టూ తర్వాతిదే. బంగారం జోలికీ వెళ్లొద్దు.

ఏజెంటు చెప్పిన ఏడున్నర లక్షల్లో జీఎస్టీ కలిసిందా, ఇన్సూరెన్స్ ఉందా, హోస్ట్ ఫ్యామిలీ మారితే అదనపు చార్జీ ఉంటుందా అని ఈమెయిల్లో జవాబు తెప్పించుకోండి. కుటుంబం మారడం అరుదేమీ కాదు. కుక్కంటే అలర్జీ, మతం, తిండి, ఎవరి తప్పూ లేని చిన్న కారణం చాలు.

జె-1 ఇన్సూరెన్స్ ఒక్కో జబ్బుకో ప్రమాదానికో కనీసం లక్ష డాలర్లకు ఉండాలి, మన చేతినుంచి పెట్టుకోవాల్సిన మొదటి వాటా 500 డాలర్లు మించకూడదు. అంటే ఒక్కసారి ఎమర్జెన్సీకి వెళ్తేనే 500 డాలర్ల దాకా మీ జేబులోంచి. ఆ 1,500 పక్కన పెట్టమన్నది అందుకే. పళ్లు, కళ్లు మామూలుగా ఈ పాలసీల్లో రావు. కనుక పంటి పని ఏదున్నా ఇక్కడే చేయించి, రెండో కళ్లజోడు కూడా ఇచ్చి పంపండి. అక్కడి స్కూళ్లు టీకాల రికార్డు అడుగుతాయి. ఎంఎంఆర్, హెపటైటిస్-బి, చికెన్‌పాక్స్, టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు) టీకాలు వేయించిన తేదీలతో డాక్టరు సంతకం చేసిన కాగితం సిద్ధం చేసుకోండి. అక్కడ వేయించుకుంటే బాగా ఖరీదు.

చలికోటు మాత్రం ఇక్కడ కొనకండి. ఏ రాష్ట్రంలో కుటుంబం దొరుకుతుందో చాలామందికి అమెరికా వేసవి (జూన్-ఆగస్టు) దాకా తెలియదు, ఆగస్టు 31 దాకా కూడా వ్యవధి ఉంటుంది. ఫ్లోరిడా అయితే కోటు దండగ, మిన్నెసోటా అయితే మన కోటు చాలదు. అక్కడి సెకండ్‌హ్యాండ్ దుకాణంలో తీసుకోమనండి. టికెట్టు కూడా కుటుంబం ఖరారయ్యాకే, తేదీ మార్చుకునే వీలున్నదే తీసుకోండి.

నెలకు 225 దేనికంటారా? స్కూల్లో మధ్యాహ్న భోజనం (ఇంటినుంచి కట్టుకెళ్తే మిగులుతుంది), ఫోన్ ప్లాన్, షాంపూ, సబ్బులు, ఆటల ఫీజు, ఇయర్‌బుక్ (స్కూలు ఏడాది ఫొటోల పుస్తకం), స్నేహితులతో బయట తిండి. ఇంటిల్లిపాదీ హోటల్‌కు వెళ్తే పాప బిల్లు ఎవరిది, ఊరెళ్తే వాటా ఎంత, ఇండియన్ గ్రోసరీ ఎవరు కొంటారు అన్నవి మొదటి వారంలోనే పాప నోరు తెరిచి అడగాలి. మన పిల్లలకు ఇది కష్టం. మొహమాటపడి డబ్బు దాచుకుంటూ అర్ధాకలితో ఉంటారు, లేదా అందరికీ బిల్లు కట్టేస్తారు. జె-1లో ఉద్యోగం కుదరదు. అప్పుడప్పుడు పక్కింటి పిల్లల్ని చూసుకోవడం, పెరడు పని లాంటివి మాత్రం చేయొచ్చు. దాన్ని ఆదాయంగా లెక్కేయకండి.

డబ్బు డాలర్లలో లోడ్ చేసిన ఫారెక్స్ కార్డు మీద పంపండి, స్పేర్ కార్డు కూడా తీసుకోండి. మామూలు డెబిట్ కార్డులు చాలావాటికి ప్రతి కొనుగోలు మీద 3.5 శాతం దాకా అదనంగా పడుతుంది. మెషీన్ ‘రూపాయల్లో తీసుకోమంటారా’ అనడిగితే డాలర్లే నొక్కాలి. కార్డు పాప పేరున అయితే ఆమెకు పాన్ ఉండాలి, విదేశీ మారకం కోసం బ్యాంకుకు ఇచ్చే ఫారం ఏ2 మీద గార్డియన్ సంతకం కావాలి. మైనర్లకు కార్డు ఇస్తారో లేదో ముందే కనుక్కోండి, అన్ని బ్యాంకులూ ఇవ్వవు. హోస్ట్ తల్లిదండ్రులతో జాయింట్ అకౌంట్ అడగొద్దు, వాళ్ల ఖాతాకు పాప ఖర్చు డబ్బు వేయొద్దు. నగదు 200 డాలర్లు చాలు.

విదేశానికి పంపే డబ్బు మీద ఒక్కో పాన్‌కు ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల దాకా టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు. ఫీజు మీవారి పాన్ మీద, కార్డు లోడింగ్ పాప పాన్ మీద అయితే ఇద్దరూ ఆ గీత లోపలే ఉంటారు. ఫీజు పంపేటప్పుడు పర్పస్ కోడ్ ఎస్0305 (విదేశీ చదువు ఖర్చు) అని ఫారంలో చూసుకోండి.

కానుకలంటే ఏటికొప్పాక బొమ్మలు, అరకు కాఫీ పొడి, మూడు నాలుగు వేలల్లో అయిపోతుంది. బంగారు ముక్కుపుడకలూ పట్టుచీరలూ వద్దు, అంత ఖరీదైనవి తీసుకోవడానికి అవతలివాళ్లే ఇబ్బంది పడతారు.

డబ్బు కుదిరింది, మిగిలింది కాలేజీ. ఈ ప్రోగ్రాంకు మామూలుగా అప్పటికి 11 ఏళ్లకు మించి చదివి ఉండకూడదంటారు. ఇంటర్ ఫస్టియర్‌తో పాపకు సరిగ్గా 11 అవుతాయి, అంటే వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే అర్హత ఉంటుందని నమ్ముకోకండి. అక్కడి హైస్కూల్ డిప్లొమా (స్కూలు చదువు పూర్తయిందనే పత్రం) ఇస్తామన్న హామీ ఉండదు, తిరిగొచ్చి సెకండియర్ చదవాలి. సీటు ఏడాది ఆపుతారా, ఫీజు ఏమవుతుంది, హాజరు సంగతేంటి అన్నవి ప్రిన్సిపాల్ దగ్గర రాతపూర్వకంగా తీసుకుని, ఏజెంటుకు మొదటి చెక్కు ఆ తర్వాతే రాయండి.