బ్యాక్‌గామన్‌లో ప్రైమ్ కట్టాలా, దాడి చేయాలా?

బ్యాక్‌గామన్ రెండు పాచికలతో ఆడే బోర్డు ఆట. ముందు ప్రత్యర్థి వెనక పావులను చూడండి. మీ హోమ్ బోర్డులో (మీ పావులు చివరికి చేరాల్సిన ఆరు గడుల్లో) అతనికి యాంకర్, అంటే రెండు పావులు కూర్చున్న పాయింట్ (గడి), ఉంటే కొట్టడానికేమీ లేదు. వరుస పాయింట్లతో గోడలా ప్రైమ్ కట్టడమే దారి. ఆ రెండూ విడిపోయినా, ఒకటి బార్ (దెబ్బ తిన్న పావు ఉండే మధ్య పట్టీ) మీదున్నా దాడి గురించి, అంటే ఒంటి పావులను వరుసగా కొట్టడం గురించి, ఆలోచించాలి.

దాడికి బలగం కావాలి. మీ హోమ్ బోర్డులో, దాని పక్కనున్న ఔటర్ బోర్డులో కలిపి కనీసం పది పావులుండాలన్నది ఆటగాళ్ల లెక్క. తక్కువైతే రెండు దెబ్బల తర్వాత కొట్టేందుకు పావు అందదు. అతని హోమ్ బోర్డు కూడా చూసుకోండి. అక్కడ నాలుగు పాయింట్లు కట్టి ఉంటే, తిరుగుదెబ్బ తిన్న మీ పావు బార్ మీదే ఆగిపోయే అవకాశం, రెండు పాచికలు పడే 36 రకాల్లో 16. అప్పుడు ఒంటి పావుతో కొట్టడం ప్రమాదం.

ప్రైమ్‌లో అసలు కీలకం అంచు. గడులను మీ హోమ్ చివర నుంచి లెక్కిస్తే మీకు 4 నుంచి 8 దాకా ఐదు పాయింట్లు ఉన్నాయి, 9 ఖాళీ అనుకోండి. అతని పావు 3 మీద ఉంటే ఏ ఆరు పడ్డా దూకేస్తుంది: 36లో 11. అదే 1 మీద ఉంటే 6-2 ఒక్కటే దిక్కు: 36లో 2. అందుకే అంచుకొచ్చిన ఒంటి పావును, ప్రైమ్ చేతిలో ఉన్నా, అక్కడే కొట్టడం చాలాసార్లు సరైన ఎత్తు.

బయట ఆడేందుకు మిగులు పావులు లేకపోతే ప్రైమ్ మీ చేతులతోనే విరుగుతుంది.

మ్యాచ్‌లో ఇద్దరికీ గెలుపుకు ఒక్క స్కోరు పాయింటే మిగిలినప్పుడు గామన్‌కు (ప్రత్యర్థి ఒక్క పావునూ బోర్డు నుంచి తీయకముందే వచ్చే రెట్టింపు గెలుపుకు) విలువ లేదు. దాడి తెచ్చే లాభంలో పెద్ద వాటా గామన్లదే కాబట్టి, సందేహముంటే అక్కడ ప్రైమ్ వైపే మొగ్గండి.