సీరియల్‌లో కోడలిని తిడితే నన్నే తిట్టినట్లు ఉంటోంది

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 32 ఏళ్ళు. నా భర్త ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ నడుపుతారు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండరు. ఇంట్లో మా అత్త, 9 ఏళ్ళ పాప, నేను ఉంటాము. ఏడాదిగా నేను ఒక బట్టల అంగట్లో బిల్లులు రాసే పనికి పోతున్నాను. ఇంతకుముందు నేనూ అత్తా రాత్రిపూట కలిసి సీరియళ్ళు చూస్తూ, ఎవరు చేసింది న్యాయమో మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ‘గుండె నిండా గుడి గంటలు’ సీరియల్‌లో మొదటి పెళ్ళి సంగతి దాచిన కోడలు రోహిణి కనబడితే చాలు, అత్త ‘దాచిపెట్టి కాపురం చేసే ఆడదాని కంటే పాము మేలు’ అంటుంది. పాపం ఆమెకు వేరే దారేముంది అని నేనంటే, ‘నీకెందుకంత రోషం, నువ్వేమన్నా దాచినావా’ అంటుంది. మొన్న పాప వచ్చి ‘అమ్మా, జేజి నిన్ను రోహిణి అనింది’ అని చెప్పింది. నా భర్తకు చెబితే, సీరియల్ గొడవలే కదా అని టీవీ రీచార్జి ఆపేసినారు. అత్త పక్కింటికి పోయి చూస్తోంది, అక్కడ ఆమె అనే మాటలు వీధంతా తెలుస్తున్నాయి. నాతో మాట్లాడదు, కానీ నేను వచ్చేసరికి నా కంచంలో అన్నం పెట్టి మూత వేసి ఉంచుతుంది. ఆమెకు వచ్చే పింఛను మొత్తం ఇంటి ఖర్చుకే ఇస్తుంది. ఇంకొక్క సంగతి. నా జీతంలో నెలకు 3,000 మా అమ్మకు పంపుతున్నాను, ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. వేరు కాపురం పెట్టమంటారా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది వేరు కాపురం గురించే అయినా, చివర ‘ఇంకొక్క సంగతి’ అంటూ రాసిన మాట దగ్గరే మీ నిద్ర చెదిరిందని నాకు అనిపించింది. దాని దగ్గరకు వస్తాను. అంతకంటే ముందు సీరియల్ గురించే మాట్లాడాలి, ఎందుకంటే మీ భర్త దీనిని తేలిగ్గా తీసివేశారు, మీరు కూడా ఇంత చిన్న విషయానికి ఉత్తరం రాయవలసి వచ్చిందే అని నొచ్చుకున్నట్లు కనిపిస్తోంది. ఇది చిన్న విషయమని నేను అనుకోవడం లేదు.

మన వైపు ఇళ్ళలో చేను అమ్మేటప్పుడు గానీ, అప్పు తెచ్చేటప్పుడు గానీ, పిల్లకు సంబంధం ఖాయం చేసేటప్పుడు గానీ ‘నీకేమనిపిస్తోంది’ అని ఆడవాళ్ళను అడిగినవారు తక్కువ. మీ అత్తగారి తరం వారిని అడిగినవారు మరీ తక్కువ. ఎవరూ అడగక లోపలే మిగిలిపోయిన ఆ తీర్పులన్నీ, అరుగు మీద చెనక్కాయలు ఒలుచుకుంటూ ముందు రోజు చూసిన సీరియల్ గురించి మాట్లాడుకునే వేళ బయటికి వస్తాయి. ఆ కోడలు చేసింది తప్పా, ఆ మొగుడు నమ్మకపోవడం న్యాయమా, పెద్దకొడుక్కి ఒక రకంగా చిన్నకొడుక్కి ఒక రకంగా చూసే తల్లిని ఏమనాలి అని వారు వాదించుకుంటున్నప్పుడు, వారు బతికిన బతుకంతా ఆ మాటల వెనుక నిలబడి ఉంటుంది. అందుకే సీరియల్ మీద ఒక మనిషి చెప్పే అభిప్రాయాన్ని నేను పొద్దుపోని మాటగా ఎన్నడూ తీసుకోలేదు.

‘కార్తీక దీపం’ 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచింది. ఆ రోజుల్లో నా దగ్గరకు ఒక నడివయసు స్త్రీ వచ్చి, వరుసగా మూడు వారాలు అందులోని దీప, అదే వంటలక్క గురించే మాట్లాడింది. దీప భర్త డాక్టర్ బాబుకు భార్య మీద అనుమానమే వచ్చిందనుకుందాం, ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తేలిపోదా, ఆమెను అన్నేళ్ళు ఎందుకు ఏడిపించాలి అని, ఆ కాలంలో ఎంతోమంది ప్రేక్షకులు అడిగిన ప్రశ్ననే ఆమె కూడా అడిగింది. నాలుగో వారం అదే ప్రశ్నను దీప పేరు తీసేసి అడిగింది. ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో అప్పటికి గానీ నాకు తెలియలేదు. సీరియల్ లేకపోతే ఆమె ఆ మాట వరకు వచ్చేదే కాదని ఇప్పటికీ నమ్ముతాను.

ఇక మీ అత్తగారి మాట. మీరు పనికి పోవడం మొదలుపెట్టిన తరువాత ఆ ఇంట్లో ఆమె పగలంతా ఒక్కతే. పాప బడి నుంచి వచ్చేదాకా పలకరించే మనిషి లేదు. కొడుకు రోడ్ల మీద ఉంటాడు. మీరు వచ్చేసరికి అలసిపోయి ఉంటారు, అన్నం తిని పడుకుంటారు. ఆమె పక్కన కూర్చొని ‘అవునత్తా, కాదత్తా’ అని వాదించే మనిషి ఏడాదిగా లేదు. ఈ ఇంట్లో తనకు చెప్పకుండా ఏవేవో మారిపోతున్నాయన్న దిగులు ఆమెకు ఉండి ఉంటుంది, ఆ దిగులుకు ఆమెకు దొరికిన మాట ‘దాచడం’. మీరు డబ్బు పంపుతున్న సంగతి ఆమెకు తెలిసి ఉండవచ్చు, బొత్తిగా తెలియకపోనూ వచ్చు. తెలియకపోయినా ఆ మాట మీకు సూటిగా తగిలిందంటే, తగలడానికి చోటు మీ దగ్గరే ఉంది గనుక.

అదే సీరియల్‌లో ప్రభావతి అనే అత్త ఉంది కదా. సంపన్నుల బిడ్డనని చెప్పుకొన్న రోహిణిని నెత్తిన పెట్టుకొని, పూలు కట్టి అమ్ముకునే ఇంటి నుంచి వచ్చిన మీనాను చులకన చేసే మనిషి. ఆమె గురించి మీ అత్త ఏమంటుందో మీరు రాయలేదు. ఆ మాట వినాలని నాకు నిజంగా ఉంది. ప్రభావతిని కూడా ఆమె తిడుతూ ఉంటే, అత్త అనే మనిషి ఎట్లా ఉండాలన్న దాని మీద ఆమెకొక గట్టి అభిప్రాయం ఉన్నట్లే, దాని గురించి మీరిద్దరూ మాట్లాడుకోవడానికి వీలు ఉన్నట్లే. ఒక పాత్ర మీద ఆమె అన్న ఒక్క మాటే మీ చెవిలో నిలిచి, మిగిలిన మాటలన్నీ మీకు వినబడకుండా పోయాయేమో ఒకసారి ఆలోచించండి.

ఈ కథలు అల్లే తీరు కూడా కొంత తెలిస్తే మేలు. రోజువారీ సీరియల్ సోమవారం నుంచి శనివారం దాకా రావాలి. గంటకు 12 నిమిషాల వరకు ప్రకటనలు వేసుకోవడానికి కేబుల్ టీవీ నిబంధనలు ఒప్పుకుంటాయి గనుక, అరగంటలో కథకు మిగిలేది 24 నిమిషాలు, అందులోనూ నిన్నటి కథ కొంత, రేపటి కథ కొంత. రేటింగులు వారం వారం లెక్కకు వస్తాయి. కథకు ప్రాణం రహస్యమే అయినప్పుడు దానిని తొందరగా బయటపెడితే మరుసటి వారం చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే ఎవరో ఒకరు నిజం చెప్పబోతారు, ఫోను మోగుతుంది. ఉత్తరం చేతికి అందబోతుంది, గాలికి ఎగిరిపోతుంది. తన మొదటి పెళ్ళినీ బిడ్డనూ దాచిన రోహిణి మీద 2023 అక్టోబరులో ఆ సీరియల్ మొదలైన నాటి నుంచి పోగైన కోపం తీరే దారి లేక, ఎదురుగా కనిపించే మనిషి మీదికి మళ్ళుతుంది. చూసేవారి తప్పు ఇందులో ఎక్కువ లేదు. న్యాయం జరగాలని మనసారా కోరుకునేవారికే ఆ కోపం వస్తుంది.

అయితే రోహిణికీ మీకూ పోలిక పెట్టి మీ అత్త ఒక పొరపాటు చేస్తే, ఆ పోలికను లోలోపల ఒప్పుకొని మీరు అంతకంటే పెద్ద పొరపాటు చేస్తున్నారు. అబద్ధం చెప్పి ఒక ఇంట్లో కోడలి స్థానం సంపాదించడం వేరు, తన కష్టార్జితంలో కొంత కన్నతల్లికి పంపడం వేరు. రెండూ ‘దాచడమే’ అని ఒకే గాటన కట్టకండి. పెళ్ళయిన కూతురికి పుట్టింటి బాధ్యత లేదని మనవాళ్ళు అనుకుంటారు గానీ, సంపాదన ఉన్న కూతురు పెళ్ళయినా తల్లిదండ్రుల పోషణకు బాధ్యురాలేనని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కూడా బిడ్డలంటే కొడుకులనీ కూతుళ్ళనీ కలిపే చెప్పింది. మీరు చేస్తున్నది తప్పు కాదని నేను గట్టిగా చెబుతున్నాను.

తప్పు కాని పనిని దాచవలసి రావడమే మిమ్మల్ని తినేస్తోంది. పైగా మీ అత్త తన పింఛను చేతికి అందగానే ఇంటి ఖర్చుకు ఇచ్చేస్తోంది. ఈ సంగతి రేపు మరొకరి నోట వింటే, మీరు తల్లికి పంపారన్నదానికంటే, తాను దాచుకోకుండా ఇచ్చిన ఇంట్లో మీరు దాచారన్నదే ఆమెను బాధపెడుతుంది. అందుకని చెప్పేయండి. ఎప్పుడో చెప్పడం కుదరదు, ఈ నెలలోనే చెప్పాలి.

ముందు మీ భర్తకు చెప్పండి. ఆయన లారీ మీద ఉన్నప్పుడు ఫోనులో చెప్పవద్దు, ఇంటికి వచ్చి స్నానం చేసి, అన్నం తిన్న తరువాత చెప్పండి. ‘మా అమ్మకు పంపుతున్నాను, ఇకముందు కూడా పంపుతాను, నీకు ముందే చెప్పకపోవడం నా తప్పు’ అంటే చాలు, ఆ మూడు మాటల్లో ఏదీ వదలకండి. తరువాత ఆయన ఇంట్లో ఉన్న ఒక ఆదివారం అత్తతో మాట్లాడండి. ఆదివారం రోజువారీ సీరియల్ రాదు గనుక ఆ వేళ ఆమెకు ఖాళీయే. పాపను ఆడుకోవడానికి పంపించండి. ‘నువ్వు నన్ను రోహిణి అన్నావంట’ అని మాత్రం మొదలుపెట్టవద్దు, అట్లా మొదలైతే డబ్బు సంగతి పక్కకుపోయి, ఎవరు ఏమన్నారన్న పంచాయితీ మిగులుతుంది. మీ అమ్మ పరిస్థితి ఏమిటో, ఎంత పంపుతున్నారో, ఎందుకు చెప్పలేకపోయారో మాత్రమే చెప్పండి. భయపడి చెప్పలేదని అనడానికి మొహమాటపడవద్దు.

టీవీ రీచార్జి ఆ మాటకు ముందే చేయించాలి. మీ భర్త మంచికే చేశారు, కానీ దానివల్ల ఇంట్లో ఉండవలసిన మాట పక్కింటి వసారాలోకి పోయింది, ఆ వయసు మనిషి తన ఇల్లు వదిలి ఒకరి ఇంట్లో కూర్చొని సీరియల్ చూడవలసి వచ్చింది. ఆమెకు అది అవమానమే. రీచార్జి చేయించిన సంగతి మీ భర్తే ఆమెకు చెప్పాలి. సీరియల్ గురించి మాట్లాడవద్దని మాత్రం ఎవరూ ఆమెకు ఆంక్ష పెట్టకండి.

పాప గురించి నాకు ఎక్కువ దిగులుగా ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల జేజి మాట అమ్మకూ, అమ్మ ముఖం జేజికీ మోసుకుపోతోంది. ‘జేజి ఇంకేమనింది’ అని మీరు ఒక్కసారి కూడా అడగకండి. తనంతట తాను చెప్పినా ‘అది నేనూ జేజీ మాట్లాడుకుంటాములే’ అని అక్కడితో ఆపేయండి. సీరియల్ చూస్తున్నప్పుడు ఆ పిల్లను కూడా ‘నీకేమనిపిస్తోంది’ అని అడగండి. ఆమె చెప్పే జవాబుకు మీరూ మీ అత్తా ఇద్దరూ ఆశ్చర్యపోయే రోజులు ఉంటాయి.

వేరు కాపురం ఇప్పుడు వద్దు. చేయి చేసుకోవడం, జీతం లాక్కోవడం, తిండి పెట్టకపోవడం వంటివి ఉంటే నా సలహా వేరుగా ఉండేది. మాట్లాడకుండా ఉన్న రోజుల్లో కూడా మీ కంచంలో అన్నం పెట్టి, ఈగ వాలకుండా మూత వేసి ఉంచే మనిషిని వదిలి పోవడానికి నాకు కారణం కనబడలేదు. నిద్ర సంగతి మాత్రం నిర్లక్ష్యం చేయవద్దు. చెప్పిన తరువాత కూడా రెండు వారాలు ఇలాగే ఉంటే 14416కు ఫోను చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, డబ్బు కట్టనక్కరలేదు, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు.

మీరు చెప్పిన తరువాత ఆమె వెంటనే మెత్తబడుతుందని అనుకోకండి. రెండు మూడు రోజులు ముఖం తిప్పుకోవచ్చు, ‘నేను ముందే చెప్పినా కదా’ అని కూడా అనవచ్చు. అననివ్వండి. సోమవారం రాత్రి పని నుంచి రాగానే కాళ్ళు కడుక్కొని, మీ కంచం తెచ్చుకొని ఆమె పక్కనే కూర్చొని తినండి. తెర మీద ప్రభావతి కనబడినప్పుడు ‘ఈమె చేసేది నీకెట్లనిపిస్తోందత్తా’ అని అడిగి, ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా అడ్డు చెప్పకుండా వినండి.