తోట అమ్మే ముందు ఒక్కసారి ఓపీకి వెళ్లండి

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర పల్లె. మూడు ఆవులు, ఎకరంన్నర తోతాపురి మామిడి తోట ఉన్నాయి. మావాడికి 21 ఏళ్లు. తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతూ మూడో ఏడాదిలో మానేసి ఇంటికొచ్చేశాడు. గంజాయి తాగుతున్నాడని అప్పుడే తెలిసింది. ఎవరో చెబితే ఒక ప్రైవేటు సెంటర్‌లో రెండు నెలలు పెట్టాం. అడ్వాన్సు 30,000, నెలకు 20,000, మళ్లీ మందులకు, పరీక్షలకు వేరే. అంతా కలిపి 95,000 అయింది, నా గొలుసు తాకట్టులో ఉంది. ఇంటికొచ్చిన పన్నెండో రోజుకే మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ సెంటర్ వాళ్లే ఫోన్ చేసి, ఆర్నెల్లకు లక్షన్నర కడితే గ్యారంటీగా మాన్పిస్తాం, వాడు రానంటే రాత్రిపూట వ్యాన్ పంపి తీసుకొస్తాం అంటున్నారు. మా ఆయన తోటలో అరెకరం అమ్మేద్దామంటున్నాడు. గవర్నమెంటు ఆసుపత్రికి పోతే పోలీసులకు చెప్పేస్తారని భయం. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, పూతలపట్టు మండలం

జవాబు: అక్కా, తోట అమ్మకండి. కనీసం ఈ నెల అమ్మకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం చదువుతుంటే మా ఇల్లే గుర్తొచ్చింది. మా తమ్ముడిది తాగుడు. మా నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో సగం మూడు సెంటర్లకు పోసి వచ్చాం. ప్రతిసారీ వాడు బాగా ఒళ్లు చేసి, గుండు కొట్టించుకుని, మంచి మాటలు మాట్లాడుతూ వచ్చేవాడు, మేం గుడికి వెళ్లి మొక్కు తీర్చుకునేవాళ్లం, నెల తిరక్కుండానే మళ్లీ అదే. డబ్బు సరిపోలేదేమో, ఇంకా పెద్ద సెంటర్‌లో పెట్టాల్సిందేమో అని మా అమ్మ ఏడ్చేది. చివరికి వాడు నిలబడింది ఏ సెంటర్‌లోనూ కాదు. రెండేళ్లపాటు నెలనెలా సర్కారు ఆసుపత్రి ఓపీ క్యూలో నిలబడి, డాక్టరుకు కనిపించి, మాత్రలు తెచ్చుకున్నాడే, అప్పుడు. ఆ సంగతి మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

గంజాయి గురించి ఒక విషయం తెలిస్తే మీ ఖర్చు చాలా తగ్గుతుంది. మద్యం, నిద్రమాత్రలు రోజూ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. వాళ్లకు ఆసుపత్రి మంచం నిజంగా అవసరమవుతుంది. గంజాయి అలా కాదు. మానేసిన మొదటి వారం పది రోజులు నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఊరికే చిరాకు, చెమటలు, పిచ్చి కలలు. తర్వాత మెల్లగా తగ్గుతుంది. గంజాయి మాన్పించడానికే అని ప్రత్యేకమైన మందు ఇప్పటిదాకా లేదు. నిద్రకు, దిగులుకు డాక్టరు ఏదో ఇస్తారు, అసలు పని చేసేది కౌన్సెలింగ్, అదీ నెలల తరబడి. కాబట్టి చాలామంది గంజాయి పిల్లలకు ఇంట్లో ఉండి ఓపీకి వెళ్తూ చేసే వైద్యమే సరిపోతుంది. ఆర్నెల్లు గేటుకు తాళం వేసి ఉంచడం వైద్యం కాదు, ఆ ఆర్నెల్లు సరుకు చేతికి అందకుండా చేయడం మాత్రమే. గేటు తీసిన రోజు వాడు మళ్లీ అదే ఊరికి, అదే స్నేహితుల దగ్గరికి, అదే ఖాళీ మధ్యాహ్నాల్లోకి వస్తాడు. పన్నెండో రోజున మీ ఇంట్లో జరిగింది అదే. మీ పెంపకం తప్పు కాదు, మీరు తక్కువ కట్టినందువల్లా కాదు.

అయితే వాడు తనలో తాను మాట్లాడుకుంటున్నా, ఎవరో వెంటపడుతున్నారని అనుమానపడుతున్నా, చచ్చిపోతానంటున్నా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. గంజాయి కొంతమందిలో మతి భ్రమను తెస్తుంది, అప్పుడు అడ్మిషనే కావాలి, అదీ సైకియాట్రీ డాక్టరున్న ఆసుపత్రిలో.

ఎక్కడికి వెళ్లాలి? తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రికి. అక్కడ సైకియాట్రీ ఓపీ ఉంది. పొద్దున్నే బయల్దేరండి, 2025 ఆగస్టు 15 నుంచి మన ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, మీవాడి టికెట్ ఒక్కటే ఖర్చు. ఆధార్ తీసుకెళ్లండి, ఆ సెంటర్ వాళ్లు ఇచ్చిన మందుల చీటీలు ఏమైనా ఉంటే అవీ పట్టుకెళ్లండి. క్యూ ఉంటుంది, డాక్టరు మీతో గంట కూర్చోరు, అది నిజమే. కానీ మొదటిసారే అన్నీ తేలిపోవాలని లేదు, నాలుగుసార్లు వెళ్తేనే వాళ్లకు మీవాడు అర్థమవుతాడు.

వెళ్లేముందు 14446కు ఫోన్ చేయండి. మత్తు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు. కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే డీఅడిక్షన్ కేంద్రాలు దేశమంతా ఉన్నాయి, వాటిలో వైద్యం ఉచితం. మీకు దగ్గర్లో ఏది ఉందో వాళ్లనే అడగండి. 14416 టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్. రాత్రిపూట వాడు గొడవ చేస్తున్నప్పుడు మీకేం చేయాలో తోచకపోతే దానికి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. చిత్తూరు వాళ్లకు వేలూరు కూడా దగ్గరే, బాగాయంలో సీఎంసీ వాళ్ల మానసిక ఆసుపత్రి ఉంది, అక్కడ డబ్బు కట్టాలి, కాబట్టి రుయా చూశాకే దాని గురించి ఆలోచించండి.

పోలీసుల భయం వదిలేయండి. వైద్యం కోసం వెళ్లినవాళ్ల విషయం గుట్టుగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. మత్తుకు బానిస కావడం వల్ల వచ్చే మానసిక స్థితిని కూడా ఆ చట్టం జబ్బుగానే లెక్కేసింది, అంటే దీనికి సర్కారు ఆసుపత్రిలో వైద్యం అడగడం మీ హక్కు.

ఇక రాత్రి వ్యాన్ సంగతి. అది విన్నాక నాకు చాలా కోపం వచ్చింది. 21 ఏళ్ల మనిషిని అర్ధరాత్రి చేతులు విరిచి ఎత్తుకుపోయే అధికారం ఏ సెంటర్‌కూ లేదు. ఇష్టం లేనివాణ్ణి చేర్చాలంటే, తనకో పక్కవాళ్లకో ప్రమాదం ఉన్నంత తీవ్రంగా పరిస్థితి ఉండాలి, ఇద్దరు వేర్వేరుగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి, అలా చేర్చినా మొదట 30 రోజులే. గొలుసులతో కట్టేయడం పూర్తిగా నిషేధం. మానసిక వైద్యం చేసే సంస్థకు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే ఆ సర్టిఫికెట్ ఫొటో పంపమనండి, డాక్టరు పేరు చెప్పమనండి, మేం ఎప్పుడొచ్చినా మావాణ్ణి చూడనిస్తారా అని అడగండి. గ్యారంటీ అన్న మాట ఒక్కటి చాలు వాళ్లను నమ్మకపోవడానికి, ఈ జబ్బులో గ్యారంటీ ఇవ్వగలిగిన డాక్టరు లేడు.

మీ ఆయనకు నా మాటగా చెప్పండి: తోట అలాగే ఉంచి, మీవాణ్ణి పొద్దున పాలు పోసే పనికి, సాయంత్రం తోట నీళ్లకు వెంటబెట్టుకు తిరగమనండి. చేతికి నోట్లు ఇవ్వకండి. మళ్లీ ఒకసారి జారితే అరవకండి, మర్నాడే ఓపీకి తీసుకెళ్లండి. ఇలా జారడం ఈ జబ్బులో మామూలే, షుగర్ ఉన్నవాడికి మళ్లీ షుగర్ పెరిగినట్టు. ముందు గొలుసు విడిపించుకోండి అక్కా.

ప్రశ్న: మా ఆయన లారీ డ్రైవర్. నడుం నొప్పికని మొదలుపెట్టిన టాపెంటడాల్ మాత్రలు ఇప్పుడు రోజుకు పదిదాకా మింగుతున్నాడు. మానిపిద్దామంటే మా హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఈ వైద్యానికి డబ్బులివ్వం అంది. మరి ఏడేడు వేలు ప్రీమియం ఎందుకు కట్టినట్టు?
— శ్రీకాళహస్తి నుంచి ఒక చెల్లెలు

జవాబు: నీ కోపం న్యాయమైందే చెల్లెమ్మా. మానసిక జబ్బులకు కూడా ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. మరోపక్క బీమా నియంత్రణ సంస్థ పాలసీల కోసం ఖరారు చేసిన మినహాయింపుల జాబితాలో పన్నెండోది మద్యం, మత్తు పదార్థాల అలవాటుకు చేసే వైద్యం. కంపెనీలు దాన్ని పట్టుకునే కాదంటాయి. జబ్బు అని ఒక చేత్తో రాసి, ఇంకో చేత్తో కొట్టేయడం నాకు ఏ రకంగానూ సబబుగా కనిపించదు. కాదన్న మాట కాగితం మీద తీసుకో, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, తర్వాత హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయి, ఫీజు ఉండదు. అయితే అది తేలేదాకా ఆయన వైద్యం ఆపొద్దు.

ఎందుకంటే ఇది గంజాయి లాంటిది కాదు, నల్లమందు జాతి మాత్ర. ఇంట్లో దాచేసి ఒక్కసారిగా ఆపితే ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు, ముక్కు కారడం, విరేచనాలు, నిద్ర లేకపోవడం, మనిషి తట్టుకోలేక మళ్లీ మెడికల్ షాపుకు పరిగెత్తుతాడు. దీనికి మాత్రం మందులున్నాయి, బుప్రెనార్ఫిన్ లాంటివి, డాక్టరు పర్యవేక్షణలో నెలల తరబడి వాడాలి. డబ్బు పోసి రెండు వారాలు ఎక్కడో పెట్టి మందులేమీ లేకుండా పంపేస్తే ఇంకో ప్రమాదం ఉంది. కొన్నాళ్లు మానేసినవాడు మళ్లీ పాత లెక్కనే పది మాత్రలు వేసుకుంటే ఒళ్లు ఆ మోతాదు మర్చిపోయి ఉంటుంది, ఊపిరి ఆగిపోవచ్చు. అలా జరిగిన ఇళ్లున్నాయి. రుయాకు వెళ్లేటప్పుడు ఖాళీ మాత్రల అట్టలు సంచిలో వేసుకుని వెళ్లు, డాక్టరుకు నువ్వు చెప్పే లెక్క కన్నా అవే బాగా చెబుతాయి. మానే వరకు లారీ స్టీరింగ్ పట్టనివ్వకు. ఇంటి ఖర్చు కష్టమే, నాకు తెలుసు, అయినా.

ప్రశ్న: నేనే గంజాయి తాగుతాను. ఆటో తోలతాను, తిరుపతి. పోయిన నెల గంజాయి పొట్లంతో దొరికాను, కేసు పెట్టారు. ఇప్పుడు మానేద్దామనుంది. ఇప్పుడు ఆసుపత్రికి పోతే కేసు ఇంకా గట్టిపడుతుందా?

జవాబు: గట్టిపడదు తమ్ముడూ, పైగా మేలే జరగొచ్చు. మత్తు పదార్థాల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అని ఒక సెక్షన్ ఉంది. వాడినందుకో, తక్కువ మొత్తంతో దొరికినందుకో కేసు పడిన మనిషి తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన చోటనో మత్తు మానే వైద్యం చేయించుకుంటే ఆ కేసులో శిక్ష నుంచి రక్షణ కోరవచ్చు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. గంజాయిలో తక్కువ మొత్తం అంటే కిలో దాకా. ఈ సంగతి కోర్టులో చెప్పాల్సింది నీ లాయరు. లాయరుకు డబ్బుల్లేకపోతే తిరుపతి కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లను అడుగు, స్తోమత లేనివాళ్లకు ఉచితంగా పెడతారు. ఓపీ చీటీలు ఒక్కటి కూడా పారేయకు, తేదీల వారీగా ఒక కవర్‌లో పెట్టుకో. సోమవారం మొదటి ట్రిప్పు రుయాకే వేసుకో.