మహిళా సంఘంలో సభ్యత్వం తీసుకుంటే నిజంగా ఉపయోగం ఉంటుందా?

మీరు అడిగింది ఇది: చెన్నైలో ఆడపిల్లల చదువు కోసం పనిచేసే సంఘంలో చేరమంటున్నారు, ఏటేటా చందా కట్టే బదులు ఆ డబ్బేదో నేరుగా ఒక పిల్ల ఫీజుకి ఇచ్చేస్తే సరిపోదా అని.

చేరండి. ఫీజుకి ఇవ్వడం మంచి పనే, కాదనను. కానీ మా పెరంబూరు వైపు నేను చూసినంతలో ఆడపిల్ల చదువు ఆగేది ఫీజు దగ్గర కాదు.

మా సంఘం చిన్నది. బ్యాంకులో పనిచేసే నేను, రిటైరైన టీచరు, బ్లౌజులు కుట్టే ఒకావిడ, ఇలాంటి వాళ్లమే. అందరికీ ఒకటే చందా. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం చదువుకున్న ఒక అమ్మాయి ప్లస్ టూ పాసై, ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో బీకాం సీటు తెచ్చుకుంది. ఈలోగా నెల్లూరు నుంచి మేనమామ సంబంధం తెచ్చాడు. ఎక్కువ చదివిస్తే మొగుడు దొరకడని ఆయన వాదన. ఆదివారం సాయంత్రం ముగ్గురం వాళ్లింటికి వెళ్లాం.

టీచరమ్మ ఉపన్యాసం ఇవ్వలేదు. అమ్మాయి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు తెమ్మని ముందు పెట్టుకుని తమిళనాడు ప్రభుత్వ పుదుమై పెణ్ పథకం గురించి చెప్పింది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్ల కాలేజీలో చేరితే నెలకు 1,000 రూపాయలు ఆ పిల్ల ఖాతాలోనే పడతాయి. సంఘ సంస్కర్త మూవలూర్ రామామిర్తం అమ్మైయార్ పేరుతో పేదింటి పెళ్లిళ్లకి ఇస్తూ వచ్చిన సాయాన్నే 2022లో ఇలా చదువుకి మార్చారు. సిటీ మామూలు బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు కూడా లేదు.

తండ్రి అంతా విన్నాడు. "అన్నీ బాగానే ఉన్నాయి టీచరమ్మా, సాయంత్రం చీకటి పడ్డాక బస్సు దిగితే ఎవరున్నారు? మేమిద్దరం పనిలో ఉంటాం" అన్నాడు.

"నేనుంటాను అన్నా" అంది కుట్టుపని ఆవిడ. "మా కొట్టు బస్టాపు ఎదురుగానే కదా. పాప వచ్చి నా దగ్గర కూర్చుంటుంది, వదిన వచ్చి తీసుకెళ్తుంది."

ఆ మాటతో ఆయన మెత్తబడ్డాడు. మేనమామ మాట్లాడకుండా లేచి బయటికెళ్లాడు. అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతోంది. మీ ఫీజు చెక్కు ఆ బస్టాపు దగ్గర ఏం చేయగలదు చెప్పండి!

మన చెన్నైలోనే దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకి తయారుచేయించారు. నేను తరచుగా తలుచుకునేది అమెరికా సంఘం ఒకటి. 1881లో బోస్టన్‌లో పట్టభద్రులైన ఆడవాళ్లు కలిసి మొదలుపెట్టారు, ఇప్పుడు దాన్ని ఏఏయూడబ్ల్యూ (అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ విమెన్) అంటారు. కాలేజీ చదువు ఆడవాళ్ల ఆరోగ్యాన్ని చెడగొడుతుందని ఒక డాక్టరు రాస్తే, వీళ్లు చదువుకున్న ఆడవాళ్లనే ప్రశ్నలడిగి, జవాబులు లెక్కగట్టి 1885లో అచ్చువేశారు. ఆరోగ్యానికేమీ కాలేదని తేలింది. ఒక్కరే కూర్చుని అంతమందిని అడగగలరా? మేనమామ లాంటి వాళ్లు అప్పుడూ ఉన్నారు, డాక్టర్ల రూపంలో.

అన్ని సంఘాలూ ఇలా ఉంటాయని మాత్రం అనుకోకండి. మార్చి 8న ఒకే రంగు చీరలు, జ్ఞాపిక, ఫోటోలు, ఆ తర్వాత ఏడాదంతా గ్రూపులో గుడ్‌మార్నింగులు, ఇంతే చేసేవీ ఉన్నాయి. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకొన్ని మీటింగు బుధవారం పదకొండింటికి పెడతాయి. ఉద్యోగం చేసేదీ, ఇళ్లల్లో పనిచేసేదీ ఎలా వస్తుంది?

అందుకే చేరేముందు మీటింగు ఏ రోజో అడగండి. లెక్కలు సభ్యులందరికీ చూపిస్తారో లేదో అడగండి. కుట్టుపని చేసే మనిషి కట్టగలిగినంత చందాయేనా, ఆమెకీ ఓటుందా, అదీ అడగండి. మేలో ప్లస్ టూ ఫలితాలు వచ్చాక ఇంటింటికీ తిరిగే పని చాలా ఉంటుంది, మనుషులు చాలరు. ఆలోపే చేరితే మంచిది.