ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ను తెచ్చుకునే ముందు దాని ఊపిరి గురించి తెలుసుకోండి

ఫ్లాటులో ఉండే చిన్న కుటుంబానికి ఫ్రెంచ్ బుల్‌డాగ్ సరిపోతుందా, దాని స్వభావం ఎలాంటిది, ముద్దుగా గురక పెడుతుందని అందరూ చెప్పే ఈ కుక్క పెంపకంలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి ఏమిటి అని మీరు అడిగారు. మా ఇంట్లో ఈ జాతి ఆడకుక్క పిల్లగా ఉన్నప్పటి నుంచి పెరుగుతోంది. ఆ అనుభవంతో చెబుతున్నాను: స్వభావం వరకు ఇంత తేలికగా ఇంట్లో కలిసిపోయే కుక్కలు అరుదు, కానీ శరీరం మాత్రం రోజూ కనిపెట్టి చూసుకోవలసినది. ఆ కనిపెట్టడంలో ముప్పాతిక వంతు దాని ఊపిరి గురించే.

ఈ కుక్క వేటకో కాపలాకో పుట్టినది కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ప్రాంతపు లేసు అల్లేవారు పని వెతుక్కుంటూ ఫ్రాన్సులోని నార్మండీకి వలస వెళ్లినప్పుడు తమ చిన్న బుల్‌డాగులను వెంట తీసుకెళ్లారు. అక్కడ వేరే చిన్న కుక్కలతో కలిసి, పారిస్‌లో ఆదరణ పొంది, ఇప్పటి జాతి తయారైంది. గబ్బిలం చెవుల్లా నిలబడిన ఆ చెవులే ఉండాలని పట్టుబట్టినవారు అమెరికా అభిమానులు. వారు 1897లో ఈ జాతికోసం ఒక క్లబ్ పెట్టుకున్నారు. అక్కడి ప్రమాణం ప్రకారం బరువు 28 పౌండ్లు, అంటే దాదాపు 12.7 కిలోలు దాటకూడదు. తరతరాలుగా మనిషి పక్కన కూర్చోవడమే దీని పని కాబట్టి, స్వభావమంతా అందుకు తగ్గట్టుగానే ఉంటుంది. అనవసరంగా మొరగదు. మీరు ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి వస్తుంది, నిలబడితే పాదాల మీద కూర్చుంటుంది. కొత్తవారు వస్తే అరవడం కన్నా పరిచయం చేసుకోవడానికే తొందరపడుతుంది. మొండితనం మాత్రం ఉంది. పిలిచింది వినబడినా, రావడం వల్ల తనకేమిటి లాభమో ఆలోచిస్తున్నట్టు చూస్తుంది. కోప్పడితే ముడుచుకుపోతుందే తప్ప నేర్చుకోదు. చిన్న తినుబండారం చేతిలో ఉంచుకొని, అయిదు నిమిషాలకు మించకుండా నేర్పితే చక్కగా గ్రహిస్తుంది. గంటల తరబడి ఒంటరిగా వదిలేస్తే మాత్రం బాగా దిగులు పడుతుంది.

ఇక గురక. దీన్ని ముచ్చటగా చెప్పుకోవడమే నాకు అన్నిటికన్నా నచ్చని విషయం. ముఖం పొట్టిగా ఉండాలని ఎంపిక చేస్తూ పోవడం వల్ల పుర్రె ఎముక కురచబారింది గాని, లోపలి మెత్తని కండ ఆ మేరకు తగ్గలేదు. అందువల్ల అంగిలి వెనకభాగం పొడవై గాలి దారికి అడ్డం పడుతుంది, ముక్కు రంధ్రాలు సన్నని చీలికల్లా మిగులుతాయి, కొన్నిటిలో శ్వాసనాళం కూడా ఇరుకుగా ఉంటుంది. నిద్రలో కాస్త గురక వస్తే ఒక మాట, మెలకువగా ఉండి ఊరికే కూర్చున్నప్పుడు కూడా గురగురమంటుంటే అది వేరే మాట. తిన్న వెంటనే నురగతో కక్కడం, గడ్డం కింద ఏదో ఒకటి ఎత్తు పెట్టుకొని లేదా కూర్చునే నిద్రపోవడం, కొద్దిగా పరుగెత్తగానే చతికిలబడటం, చిగుళ్లు నీలంగా మారడం, ఇవన్నీ గాలి చాలడం లేదనడానికి గుర్తులు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం, కుక్కల జాతులను నమోదు చేసే సంస్థ అయిన బ్రిటన్ కెన్నెల్ క్లబ్ కలిసి 2019లో తెచ్చిన పరీక్ష పద్ధతిలో వైద్యులు మొదట శ్వాస విని, కుక్కను 3 నిమిషాలు చురుకుగా నడిపించి, మళ్లీ విని, 0 నుంచి 3 వరకు స్థాయి నిర్ణయిస్తారు. మీ వైద్యుడు ఆ పద్ధతి పాటించకపోయినా, నడిపించాక వినమని మీరే అడగవచ్చు, ఎందుకంటే బల్ల మీద నిశ్శబ్దంగా నిలబడిన కుక్క చాలా విషయాలు దాచేస్తుంది. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, అంగిలిలో ఎక్కువైన భాగం తీసివేసే శస్త్రచికిత్స ఉంది. స్వరపేటిక బలహీనపడక ముందే చేయిస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. మా కుక్కకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సమయంలోనే, మత్తు ఒకేసారి సరిపోతుందని, ముక్కు కూడా సరిచేయించాము. దిండు అంచు మీద గడ్డం ఆనిస్తే గాని నిద్రపోనిది ఆ తరువాత మామూలుగా పక్కకు వాలి పడుకోవడం మొదలుపెట్టింది. ఈ జాతికి మత్తు ఇచ్చిన అనుభవం ఉన్న వైద్యుడినే ఎంచుకోండి, ఎందుకంటే మత్తు వదిలి మేలుకునే సమయంలో ఊపిరి ఆడకపోయే ప్రమాదం వీటికి ఎక్కువ.

ఎండకు తాళలేకపోవడం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. కుక్క ఒళ్లు చల్లబరచుకునేది ప్రధానంగా రొప్పడం వల్లనే. గాలి దారి ఇరుకైతే రొప్పడమే పెద్ద శ్రమై ఇంకా వేడి పుట్టిస్తుంది, ఆ శ్రమకు గొంతు లోపల వాచి దారి మరింత మూసుకుపోతుంది. అందుకే నడక తెల్లవారుజామున, లేదా పొద్దువాలి నేల చల్లబడ్డాక. పెద్ద ఎండ లేకపోయినా ఉక్కపోతగా ఉన్న రోజు నడక మానేసినా తప్పు లేదు. కుక్క శరీరం మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. 41 దాటితే ప్రాణాపాయం. తూలుతూ, నాలుక బాగా వెడల్పై ముదురు ఎరుపెక్కితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ గాలి తగిలేలా చేసి, ఆ తరువాత ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి లోపలే ఉండిపోతుంది. ఆపి ఉంచిన కారులో ఒక్క క్షణం కూడా వదలకండి. చాలా విమానసంస్థలు పొట్టి ముక్కు జాతులను సామాను విభాగంలో ఎక్కించుకోకపోవడానికి కారణం కూడా ఇదే. తల, ఛాతీ బరువుగా, కాళ్లు పొట్టిగా ఉండటం వల్ల ఇవి సరిగా ఈదలేవు కూడా, కాబట్టి నీటి తొట్టెల దగ్గర కన్నేసి ఉంచాలి.

పెరిగిన ప్రతి అరకిలో కొవ్వూ ఆ గాలి దారినే నొక్కుతుంది. చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలి, తెలియకపోతే తిండి తగ్గించాలి, అది ఎంత దీనంగా చూసినా సరే. మెడకు కాలర్ కట్టి లాగకుండా ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి.

ముఖం మడతలు, తోక కింది గుంట తడిగా ఉంటే పుండ్లు పడతాయి. మెత్తని గుడ్డతో తుడవడం అందరూ చేస్తారు గాని, తుడిచాక పూర్తిగా ఆరేలా అద్దడమే అసలు పని. పాదాలు అదే పనిగా నాకుతున్నా, చెవులు తరచూ గోక్కుంటున్నా అలర్జీ అని అనుమానించాలి. కళ్లు ముందుకు పొడుచుకొని ఉంటాయి కనుక గీత పడటం తేలిక. ఒక కన్ను సగం మూసి చూస్తుంటే మరునాటి దాకా ఆగవద్దు. మెలి తిరిగిన పొట్టి తోకతోపాటు వెన్నుపూసల్లో కూడా లోపాలు ఉండే అవకాశం ఉంది, డిస్కులు చిన్న వయసులోనే గట్టిపడి జారే తత్వమూ ఉంది. సోఫా నుంచి దూకనివ్వకుండా ఏటవాలు బల్ల పెట్టడం మంచిది. వెనక కాళ్లు తడబడితే అది అదే రోజు చూపించవలసిన అత్యవసర పరిస్థితి.

పిల్లను ఎంచుకోవడం దగ్గరే సగం కష్టాలు తప్పించుకోవచ్చు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ నమోదుల్లో లాబ్రడార్ 31 ఏళ్ల అగ్రస్థానాన్ని 2022లో ఈ జాతి దాటింది. ఇంత గిరాకీ ఉన్నప్పుడు ముఖం మరీ చదునుగా, రంగు మరీ అరుదుగా ఉన్నవాటినే గొప్పగా చూపించి అమ్మేవారు పుట్టుకొస్తారు. మెర్ల్ అనే మచ్చల రంగు ఈ జాతి ప్రమాణంలో లేదు. ఆ రంగున్న రెంటిని జత కలిపితే చెవుడు, గుడ్డితనం ఉన్న పిల్లలు పుట్టవచ్చు. బూడిద నీలం రంగు కుక్కల్లో కొన్నిటికి వెంట్రుకలు పలచబడి చర్మవ్యాధులు వస్తాయి. మీరు చూడవలసినవి విప్పారిన ముక్కు రంధ్రాలు, కాస్తయినా పొడవున్న మూతి, ఆడుకున్న తరువాత కూడా చప్పుడు లేకుండా ఊపిరి తీసే తల్లి. తల్లిని చూపించనంటే తిరిగి వచ్చేయండి. పిల్లల తలలు పెద్దవి, తల్లి కటి ఇరుకు కావడం వల్ల వీటిలో ఎక్కువ కాన్పులు శస్త్రచికిత్సతోనే జరుగుతాయి కాబట్టి, ఇంట్లో ఒక ఈత పిల్లలను తీద్దామన్న ఆలోచన మీకుంటే మానుకోమంటాను. ఇల్లు మారవలసివచ్చిన పెద్ద కుక్కను తెచ్చుకోవడం మరో మంచి దారి, ఎందుకంటే దాని శ్వాస ఎలా ఉందో అప్పటికే తేలిపోయి ఉంటుంది.

మీ ఇల్లు చిన్నదని వెనకాడనక్కరలేదు. రోజుకు రెండు చిన్న నడకలు, చల్లగా ఉండే ఒక మూల దీనికి చాలు. అయితే పగలంతా ఇంట్లో ఎవరూ ఉండని కుటుంబమైతే, లేదా మీతోపాటు పరుగెత్తే కుక్క కావాలనుకుంటే, వేరే జాతిని చూసుకోమనే చెబుతాను.