లినక్స్ ఎక్కిస్తే వైఫై పోయింది... మావాణ్ణి హ్యాకింగ్ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా బాబు డిప్లొమా కంప్యూటర్స్ రెండో సంవత్సరం. 45 వేలు పెట్టి ల్యాప్‌టాప్ కొనిచ్చిన. విండోస్ తీసేసి కాలీ లినక్స్ అని ఏదో ఎక్కించిండు, అప్పటి సంది వైఫై వస్తలేదు. రాత్రంతా నల్ల స్క్రీన్ ముందు కూసుంటడు. తిడితే మాట్లాడడు. అమీర్‌పేటలో ఎథికల్ హ్యాకింగ్ కోర్సు 60 వేలంట, చేర్పించమంటుండు. చేర్పించాలా, ఈసెట్ రాయించి బీటెక్‌కు పంపాలా? - ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: కోర్సు గురించి కన్నా ల్యాప్‌టాప్ గురించే ఎక్కువ రాశారు. పైసలు నీళ్లపాలయ్యాయా, కొడుకు చేయి దాటిపోతున్నాడా అన్నదే మీ అసలు బెంగ. ఇలాంటి ఉత్తరాలు దేవరకొండ నుంచీ వస్తాయి, నాగర్‌కర్నూల్ నుంచీ వస్తాయి. ల్యాప్‌టాప్‌కు ఏమీ కాలేదు. లినక్స్ కూడా విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే. లోపలున్న వైఫై చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే దానికి సరిపోయే డ్రైవరో ఫర్మ్‌వేరో, ఈ లినక్స్‌కు దొరికి ఉండదు. బ్రాడ్‌కామ్ చిప్‌లతో, కొన్ని రియల్‌టెక్ చిప్‌లతో ఇది పాత తలనొప్పే.

బాబు చేసిన తప్పు వేరే ఉంది. లినక్స్‌లో చాలా రకాలున్నాయి. వాటిలో కాలీ అనేది సెక్యూరిటీ పరీక్షలు చేసే నిపుణుల కోసం తయారైంది. లినక్స్ కొత్తవాళ్లు దీంతో మొదలుపెట్టొద్దని కాలీ వాళ్లే తమ సైట్‌లో రాసుకున్నారు. కొత్తవాళ్లకు తేలికైన ఉబుంటూ, మింట్ లాంటి లినక్స్‌లు ఉండగా దీని మీద పడటానికి కారణం యూట్యూబ్ వీడియోల మోజు. ఆ మోజునే 60 వేలకు అమ్ముతున్నారు.

ఈ కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఐపీ అడ్రస్ అంటే ఏమిటో, డీఎన్‌ఎస్ ఏం చేస్తుందో తెలియని పిల్లలకు మూడు నెలల్లో హ్యాకింగ్ నేర్పుతామంటారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చివరికి చేతికొచ్చేది పది టూల్స్ పేర్లు, ఒక సర్టిఫికెట్. సైబర్ సెక్యూరిటీలో ఉద్యోగాలు లేవని కాదు. నెట్‌వర్కింగ్, లినక్స్ చేతికొచ్చిన తర్వాత వెళ్లాల్సిన చోటు అది. ఇంకో మాట బాబుకు గట్టిగా చెప్పండి: సరదాకైనా సరే, పక్కింటి వైఫైలోకి అనుమతి లేకుండా చొరబడొద్దు. మోసపు ఉద్దేశంతో చేసినట్టు తేలితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఇక మీ సంగతి. తిడితే మాట్లాడడని రాశారు. ఎట్లా మాట్లాడతాడు? ఒక్కసారైనా పక్కన కూర్చుని "ఏం చేస్తున్నవ్ బిడ్డా" అని అడిగారా? కంపెనీ కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగంలో జీతమిచ్చి చేయించేది ఈ పనే, తెగిపోయిన కనెక్షన్ ఎక్కడ తెగిందో వెతకడం. మీరు దాన్ని చెడు అలవాటు కింద జమ కట్టారు.

అయితే వాడు వెతుకుతున్నాడా, దొరికిన కమాండల్లా కొడుతున్నాడా? ఇది తేలాలి. "ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్" (rfkill list) అనే కమాండ్ కొట్టి చూపించమనండి, వైఫైని ఏదైనా ఆపేసిందా అన్నది అందులో తెలుస్తుంది. సాఫ్ట్ బ్లాక్, అంటే సాఫ్ట్‌వేర్ ఆపేసింది అయితే కమాండ్‌తో పోతుంది. హార్డ్ బ్లాక్ అని ఉంటే చాలాసార్లు ల్యాప్‌టాప్ మీది వైఫై బటన్ ఆఫ్‌లో ఉన్నట్టు, రాత్రంతా టైపు చేసినా రాదు. తర్వాత "ఎల్‌ఎస్‌పీసీఐ"కి మైనస్ కె తగిలించి (lspci -k) కొడితే వైఫై కార్డు పేరు, దాని కింద వాడుతున్న డ్రైవర్ పేరు కనిపించాలి. డ్రైవర్ లైనే లేకపోతే జబ్బు అక్కడే. సిస్టమ్ రాసుకునే సందేశాలు చూపించే "డీమెసేజ్" (dmesg) కమాండ్‌లో ఫర్మ్‌వేర్ దొరకలేదన్న లైన్ కూడా తరచూ ఉంటుంది. ఈ మూడూ చూపించి, ఏది ఎందుకో మీకర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి ఈ లైన్ పనికొస్తుంది. చెప్పలేకపోతే నెట్‌వర్కింగ్ పుస్తకం చదవాల్సింది ఇంకా ఉంది.

ఈసెట్టా, కోర్సా అన్నారు. పోలికే అక్కర్లేదు, ఈసెట్ రాయించండి. బీటెక్ చదువుతూనే లినక్స్ ఇంట్లో నేర్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. తర్వాత కావాలంటే లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే సర్టిఫికెట్ పరీక్ష ఉంది. అందులో ఆప్షన్లు టిక్కు పెట్టడం ఉండదు, సిస్టమ్ మీద పని చేసి చూపించాలి. రాత్రిళ్లు ఇట్లా కుస్తీ పట్టిన పిల్లలకు అది అచ్చొస్తుంది.

ప్రస్తుతానికి కాలీ తీసేసి ఉబుంటూ వేసుకోమనండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇవ్వడం) ఆన్ చేస్తే నెట్ వస్తుంది, థర్డ్ పార్టీ డ్రైవర్ల దగ్గర టిక్కు పెట్టడం మరవొద్దు. మీ ఫోన్ డేటా కొంత ఖర్చవుతుంది, ఆ ఒక్కరోజు ఊరుకోండి. కాలేజీ పనికి విండోస్ కావాలంటే దాన్ని 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి డౌన్‌లోడ్ చేసి మళ్లీ ఎక్కించుకోవచ్చు. కొన్నప్పుడు విండోస్‌తోనే వచ్చిన ల్యాప్‌టాప్ అయితే లైసెన్స్ మళ్లీ కొనాల్సిన పని మామూలుగా ఉండదు. ఏది చేసినా ముందు ఫొటోలు, రికార్డులు ఇంకోచోట కాపీ చేసుకోమనండి.