3/4, 5/6 సమానమేనా?

మధురవాడ మేడంగారూ, "పైనా కిందా 2 కలిపాను కాబట్టి 3/4, 5/6 సమానమే" అని మీ బాబు వాదిస్తున్నాడన్నారు. చాలామంది పిల్లలు చేసే పొరపాటే, టెన్షన్ పడకండి.

రేపు పొద్దున్న దిబ్బరొట్టె వేసి నాలుగు సమాన ముక్కలు చేయండి. మూడు వాడి ప్లేట్లో పెట్టండి. అది 3/4. ఇప్పుడు అన్ని ముక్కల్నీ సగానికి కోయండి. మొత్తం ఎనిమిది, వాడివి ఆరు: 6/8. రొట్టె పెరగలేదు, తరగలేదు. లవం (పై అంకె), హారం (కింది అంకె) రెండూ రెట్టింపయ్యాయంతే. అంటే 2తో గుణించాం, 2 కలపలేదు.

కలిపితే ఏమవుతుందో 1/2తో చూపండి. పైనా కిందా 2 కలిపితే 3/4. సగం రొట్టె ముప్పావు అయిపోతుందా? మా అమ్మాయైతే "అలాగైతే రోజూ కలుపుదాం" అంది!

సరిచూసుకోవడానికి అడ్డగుణకారం ఉంది, అంటే ఒక్కోదాని పై అంకెను రెండోదాని కింది అంకెతో గుణించి చూడటం. 3/4, 5/6కి: 3×6=18, 4×5=20, సమానం కాదు. అదే 3/4, 6/8కి 3×8, 4×6 రెండూ 24, సమానమే. ఇది మాత్రం రొట్టె తిన్నాకే చెప్పండి, ముందే చెబితే బట్టీ పట్టేస్తాడు.